ఊళ్లో లేనప్పుడు సెప్టిక్ ట్యాంక్ నిండితే ఫోన్‌కి మెసేజ్ – నా అనుభవం

మేం ఉండేది హైదరాబాద్‌లో, సొంతిల్లు భీమవరం దగ్గర. వానాకాలంలో ఎప్పుడు వెళ్లినా కమోడ్‌లో నీళ్లు పైకి తన్ని, ఇల్లంతా కంపు. రెండుసార్లు ట్యాంకర్ పిలిపించాం, బ్యాక్టీరియా పొడి వేశాం, పక్కింటి బాబాయిగారిని చూస్తుండమన్నాం, ఏదీ తేలలేదు.

చివరికి పనిచేసింది ఇది. ఓవర్‌హెడ్ ట్యాంక్‌కి వాడే ఫ్లోట్ స్విచ్ ఒకటి, బ్యాటరీతో నడిచే వైఫై డోర్ సెన్సర్ ఒకటి కొన్నాను. ఫ్లోట్ కిందికి వేలాడుతున్నప్పుడు ఏ రెండు వైర్లు కలిసి ఉన్నాయో మల్టీమీటర్‌తో చూసి, వాటిని సెన్సర్‌లోని గాజు రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే కలుసుకునే చిన్న స్విచ్) రెండు కొసలకీ సోల్డర్ చేశాను, అయస్కాంతం అవసరం లేదు. ట్యాంక్‌లో నీళ్లు మామూలుగా బయటికి పోయే పైపు మట్టంలోనే ఉంటాయి కాబట్టి, దానికి మూడంగుళాలు పైన లేచేలా ఫ్లోట్ కట్టాను. నీళ్లు లేచి ఫ్లోట్ పైకి తేలితే ఆ వైర్లు విడిపోతాయి, సెన్సర్ తలుపు తెరిచారనుకుని ఫోన్‌కి మెసేజ్ పంపుతుంది. వైరు తెగినా అలారమే వస్తుంది. సెన్సర్ బయట గోడకి, రౌటర్ ఇన్వర్టర్ మీద. కరెంటు వైరు మాత్రం లోపలికి దింపకండి, గ్యాస్ ఉంటుంది, తల కూడా పెట్టొద్దు.

పదోరోజు రాత్రి "తలుపు తెరిచారు" అని మెసేజ్! బాబాయిగారు వెళ్లి చూస్తే ఫ్లష్ ట్యాంక్ వాల్వ్ సన్నగా కారుతోంది, నల్లరేగడి కదా, ట్యాంక్ నీళ్లు వెళ్లే ఇంకుడు గుంత ఇంకడం లేదు. నీళ్లొచ్చే గేట్ వాల్వ్ కట్టేశారు. ఇప్పుడు ఊరెళ్లేముందు అది కట్టేసే బయల్దేరుతున్నాం.

మీ ట్యాంక్‌లోకి భూగర్భజలమే ఊరుతుంటే మెసేజ్ వస్తుంది గానీ సమస్య తీరదు. ఫ్లోట్‌కి బురద పట్టి ఇరుక్కుంటుందేమో కూడా, నాది పెట్టి ఒక్క వానాకాలమే అయింది.