అమ్మానాన్నలు బెంగళూరు వచ్చినప్పుడు వాళ్ల చిగుళ్లు ఎలా చూపించాలి?

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఉండే పిల్లలు ముందుగా చేయించేది ఫుల్ బాడీ చెకప్. రక్తం, మూత్రం, ఈసీజీ అన్నీ అయిపోతాయి. నోరు తెరిచి చూసేవాళ్లు మాత్రం ఉండరు. షుగర్ ఉన్నవాళ్ల విషయంలో ఇది పెద్ద లోటే.

షుగర్ అదుపు తప్పితే చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్లు నెలల తరబడి వాచి ఉంటే, ఆ వాపు వల్ల పుట్టే రసాయనాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. ఇక మాత్రలు మార్చినా షుగర్ దించడం కష్టమవుతుంది. గుండె సంగతి కొంచెం వేరు. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో గుండె జబ్బులు ఎక్కువగా కనిపిస్తున్న మాట నిజమే కానీ, చిగుళ్ల జబ్బు వల్లే గుండె జబ్బు వస్తోందని ఇంకా తేలలేదు. పళ్లు క్లీన్ చేయిస్తే హార్ట్ ఎటాక్ రాదని ఎవరైనా చెబితే నమ్మకండి.

1. ముందు ఇంట్లోనే చూడండి. "పళ్లు ఎలా ఉన్నాయమ్మా?" అంటే "బాగానే ఉన్నాయిలే" అనే వస్తుంది, ఎందుకంటే చిగుళ్ల జబ్బు చాలాకాలం నొప్పి పెట్టదు. "ఉమ్మితే ఎర్రగా వస్తోందా? జామకాయ కొరకడం ఎప్పుడు మానేశావు?" అని అడగండి. ఫోన్ టార్చ్ వేసి కింది ముందు పళ్ల లోపలివైపు చూడండి. గార ముందు పేరుకునేది అక్కడే. చిగురు ఉబ్బి, ఎర్రగా మెరుస్తుంటే చూపించాల్సిందే.

2. మందుల చీటీ, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు వెంట తీసుకెళ్లండి. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ కొందరిలో చిగుళ్లను ఉబ్బిస్తుంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పాలి, కానీ మీ అంతట మీరు ఆపకూడదు. గుండెలో కృత్రిమ వాల్వ్ ఉంటే క్లీనింగ్‌కు ముందే యాంటీబయాటిక్ ఇస్తారు, ఎందుకంటే నోటిలోని బ్యాక్టీరియా రక్తంలో చేరి వాల్వ్‌ను పట్టుకోవచ్చు. ఎముకలు గుల్లబారకుండా ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాళ్లు పన్ను పీకించుకునే ముందు ఆ విషయం తప్పక చెప్పాలి.

3. స్కేలింగ్, అంటే పళ్లకు పట్టిన గారను తీయించడం, చేయించండి. ప్రైవేటు క్లినిక్ ఖర్చు భారమనుకుంటే కోట ప్రాంతంలో, విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. కేఆర్ మార్కెట్ మెట్రో దగ్గరే. క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి. "స్కేలింగ్ చేస్తే పళ్లు వదులవుతాయట" అని నాన్న మొండికేస్తారు. నిజానికి పన్నును వదులు చేసేది గార కింద జరిగే ఎముక అరుగుదల. గార పోయాక సందులు బయటపడతాయి, కొన్ని రోజులు చల్లనీళ్లు జివ్వుమంటాయి. ఈ మాట ముందే చెబితే సగం టెన్షన్ తగ్గుతుంది.

4. బ్రష్ మార్పించండి. మెత్తని బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, చిన్న కదలికలతో రెండు నిమిషాలు తోమాలి. పేస్టులో ఫ్లోరైడ్ కనీసం 1000 పీపీఎం ఉండాలి. బొగ్గుపొడి, ఉప్పు పెట్టి రుద్దడం వద్దు. తోమాక నురగ ఉమ్మేస్తే చాలు, నీళ్లు పోసి పుక్కిలిస్తే ఫ్లోరైడ్ చాలావరకు పోతుంది. రాత్రి తోమడం అలవాటు చేయడమే కష్టం. పడుకునే ముందు పాలు తాగేవాళ్లను ఆ తర్వాత తోముకోమనండి. పళ్ల మధ్య సందులుంటే ఇంటర్‌డెంటల్ బ్రష్ కొనండి. రక్తం వస్తోందని ఆ చోటు వదిలేయకూడదు.

5. కట్టుడు పళ్లుంటే రాత్రి తీయించి, కడిగి, నీళ్లలో వేయించండి. వాటిపై పేరుకున్న పాచి నిద్రలో ఊపిరితిత్తుల్లోకి జారి, పెద్దవాళ్లకు న్యుమోనియా తెచ్చే ప్రమాదం ఉంది.

మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి. చిగుళ్ల చికిత్సతో సగటున 0.4 శాతం దాకా తగ్గుతుందని అధ్యయనాల్లో తేలింది. అది చూసి షుగర్ మాత్రలు మానేస్తానంటే ఒప్పుకోకండి. ఈలోగా ఎప్పుడైనా దవడ కింద వాచి, జ్వరం వచ్చి, మింగడం కష్టమైతే డెంటల్ అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.