ఇంటి నంబరు పట్టుకుంటే శిల్పి దొరుకుతాడు

నేటి చెక్ దేశంలోని బొహేమియాలో జర్మన్ మాట్లాడే ఊళ్ల చర్చిలకు 19వ శతాబ్దంలో బలిపీఠాలు, పునీతుల విగ్రహాలు చెక్కినవాళ్లలో చాలామంది గురించి పుస్తకాల్లో ఒక్క వాక్యం కూడా ఉండదు. వాళ్ల బతుకంతా విచారణ చర్చి (ఆ ప్రాంతం వాళ్ల పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసిపెట్టే చర్చి) రిజిస్టర్లలో ఉంది. చెక్ ప్రాంతీయ ఆర్కైవ్‌లు వాటిని స్కాన్ చేసి ఉచితంగా పెట్టాయి కాబట్టి తార్నాకలోనో సికింద్రాబాద్‌లోనో కూర్చుని చదువుకోవచ్చు.

ముందు ఊరి సంగతి తేల్చుకోండి. అక్కడ ఊళ్లకు రెండేసి పేర్లు. జర్మన్ల ఏగర్ నేటి ఖెబ్, వాళ్ల క్రుమావ్ నేటి చెస్కీ క్రుమ్లోవ్. నోయ్‌డార్ఫ్ అంటే మన కొత్తపల్లి లాంటి పేరు, అడుగడుగునా ఒకటి తగులుతుంది. విచారణ చర్చి ఏ ఊళ్లో ఉందో చూసుకోకపోతే వారం రోజులు వేరే ఊరి పుస్తకం తిరగేస్తారు. ప్ల్జెన్, కార్లొవీ వారీ ప్రాంతాల పుస్తకాలు పోర్టా ఫాంటియం సైట్‌లో, ఉత్తర బొహేమియావి లిటోమ్యెర్జిత్సె ఆర్కైవ్‌లో, దక్షిణానివి ట్ర్జెబోన్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి.

వెతుకులాట మరణం నుంచి వెనక్కి సాగాలి. మరణ నమోదులో వయసు, వృత్తి, ఇంటి నంబరు ఉంటాయి. రాసిన వయసు తరచూ ఉజ్జాయింపే, అందుకే లెక్కకు వచ్చిన పుట్టిన ఏడాదికి అటూ ఇటూ మూడేళ్లు చూడండి. 1784 తర్వాతి పుస్తకాల్లో ఇంటి నంబరుకు విడి గడి ఉంటుంది. అదే మీ ఆధారం. ఫ్రాన్స్, యోసెఫ్, అంటోన్ అనే పేర్లు ఇంటింటా ఉంటాయి. చనిపోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకు పెట్టడమూ మామూలే. పేరును నమ్ముకుంటే ఇద్దరి బతుకులు కలిపేసి ఒకడికి అంటగడతారు. శిల్పి ఊరు మారి ఉంటే పెళ్లి నమోదు చూడండి, వధూవరుల తల్లిదండ్రుల పేర్లు, ఊళ్లు అక్కడ తేలతాయి.

రాత చూసి బెదిరిపోకండి. అది కుర్రెంట్, జర్మన్ల గొలుసుకట్టు రాత. అందులో ‘ఇ’ (e) అక్షరం చూడ్డానికి ‘ఎన్’ (n)లా ఉంటుంది. ‘యు’ (u) మీద చిన్న వంకర గీత పెడతారు, ‘ఎన్’కూ దానికీ తేడా అదే. ముందు నెలల పేర్లు చదవండి. అక్కడ ఏం రాసి ఉండాలో మీకు ముందే తెలుసు కాబట్టి రిజిస్టర్ రాసిన చర్చి ఫాదర్ చేతిరాతలో ఒక్కో అక్షరం పట్టుబడుతుంది, వాటితో సొంత పట్టిక రాసుకోండి. నెలల్లోనే ఒక ఉచ్చు కూడా ఉంది. అంకె 8 పక్కన ‘బర్’ అని ఉంటే అది ఆగస్టు కాదు, అక్టోబర్. 7 ఉంటే సెప్టెంబర్, 9 ఉంటే నవంబర్. ఈ ఒక్క పొరపాటుతో తేదీ రెండు నెలలు జరిగిపోతుంది.

వృత్తి గడిలో ‘బిల్డ్‌హౌవర్’ అంటే శిల్పి, ‘స్టైన్‌మెట్స్’ రాతిపనివాడు, ‘ఫెర్‌గోల్డర్’ బంగారు రేకు అద్దేవాడు. పిల్లల జ్ఞానస్నాన నమోదుల్లో జ్ఞాన తల్లిదండ్రుల (బిడ్డకు సాక్షులుగా నిలబడే గాడ్‌పేరెంట్స్) గడి తప్పక చదవండి, చాలామంది వదిలేసేది దీన్నే. ఒక్కో బిడ్డకు ఒక్కో వడ్రంగో, బంగారు పనివాడో జ్ఞానతండ్రిగా నిలబడితే ఆ శిల్పి ఎవరితో కలిసి పనిచేశాడో వెతకడానికి అది మంచి జాడ.

చేయి తిరగడానికి శిల్పులైన మ్యాక్స్ సోదరులతో మొదలుపెట్టండి. యోసెఫ్ 1804లో, ఎమాన్యుయెల్ 1810లో నోవీ బోర్ దగ్గరి యానోవ్‌లో పుట్టారు. ప్రాగ్ చార్ల్స్ వంతెన మీద ఇద్దరి విగ్రహాలూ ఉన్నాయి. జవాబు ముందే తెలిసిన లెక్క కాబట్టి తప్పు చదివితే వెంటనే తెలుస్తుంది.

ఫలానా బలిపీఠం మీరు వెతికే శిల్పే చేశాడని రాయాలంటే మాత్రం రిజిస్టర్ సరిపోదు. చర్చి జమాఖర్చులో చెల్లింపో, విగ్రహం వెనక సంతకమో చూపించాలి. జమాఖర్చులో 1858కి ముందు గుల్డెన్‌కు (అప్పటి ఆస్ట్రియా డబ్బు) 60 క్రోయ్‌ట్సర్లు (చిల్లర), ఆ తర్వాత 100. వియన్నా కరెన్సీ (కాగితపు డబ్బు) అని రాసి ఉంటే దాని రెండున్నర గుల్డెన్లు కన్వెన్షన్ నాణెం (వెండి డబ్బు) ఒక్క గుల్డెన్‌కు సమానం. ఇది చూసుకోకుండా కూలి లెక్కగడితే 200 గుల్డెన్ల శిల్పి 500 గుల్డెన్ల శిల్పిగా మారిపోతాడు.