అడవి కొండల అంచున, విశ్వవిద్యాలయం పక్కన ఇల్లు చూసేటప్పుడు

చెట్లు కమ్ముకున్న కొండ పాదాన, విశ్వవిద్యాలయానికి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఇల్లు దొరికితే ఎవరి మనసైనా అటే లాగుతుంది. అయితే సెలవు రోజుల్లో, నిర్మానుష్యంగా ఉన్న మధ్యాహ్నం ఒక్కసారి చూసి బయానా ఇవ్వకండి. తరగతులు జరుగుతున్న రోజుల్లో ఒక ఉదయం, వారాంతంలో ఒక రాత్రి, గట్టి వాన కురిసిన మర్నాడు మరొకసారి వెళ్ళి చూడండి.

ఇంటి లోపలికి అడుగుపెట్టే ముందే దారులను లెక్కపెట్టండి. 1991 అక్టోబరులో అమెరికాలోని ఓక్‌లాండ్, బర్క్‌లీ కొండల్లో కార్చిచ్చు చెలరేగినప్పుడు 25 మంది మరణించారు. ఇరుకైన మెలికల రోడ్లు జనం బయటపడడానికీ, అగ్నిమాపక వాహనాలు పైకి రావడానికీ అడ్డంకి అయ్యాయి. అందుకే బయటకు ఒకే దారి ఉన్న వీధిలోని ఇల్లు ఎంత అందంగా ఉన్నా వదులుకోవడమే మంచిదని నా అభిప్రాయం. రెండు దారులున్నా, రోడ్డుకిరువైపులా విద్యార్థుల వాహనాలు నిలిచి ఉండే వేళ పెద్ద వాహనం పట్టేంత సందు మిగులుతుందో లేదో స్వయంగా చూసుకోవాలి.

మంట వాలు మీదుగా పైకి వేగంగా ఎగబాకుతుంది. వాలు 10 డిగ్రీలు పెరిగితే దాని వేగం సుమారు రెట్టింపవుతుందని అంచనా. కాబట్టి లోయ పై అంచునున్న ఇంటికి ముప్పు ఎక్కువ. గాలికి కొట్టుకొచ్చే నిప్పురవ్వలే చాలా ఇళ్ళను అంటిస్తాయి కనుక కప్పు మీద, చూరు కాలువల్లో ఎండుటాకులు పేరుకున్నాయేమో, గాలి రంధ్రాలకు 3 మిల్లీమీటర్లు మించని సందులున్న లోహపు జాలీ ఉందో లేదో పరిశీలించండి. గోడ చుట్టూ ఒకటిన్నర మీటరు మేర పొదలు, కట్టెలు, ఎండుగడ్డి లేకుండా ఉంచడం మీ చేతిలో పనే.

వాన వెలిసిన మర్నాడు వెళ్ళినప్పుడు, కొండ నుంచి దిగిన నీరు ఎటు పోయిందో మట్టి చారలే చెబుతాయి. వాలును ఆపే గోడ ఉబ్బిందా, అందులోని నీటి రంధ్రాలు పూడిపోయాయా చూడండి. గోడల్లో ఏటవాలు పగుళ్ళు, బిగుసుకుపోయే తలుపులు, మొదట్లో వంగి పైన నిటారైన చెట్లు కనిపిస్తే నేల మెల్లగా జారుతుండవచ్చు. నేల, వాలుల గట్టిదనాన్ని పరీక్షించే భూసాంకేతిక ఇంజినీరు చేత పరీక్ష చేయించకుండా ముందుకు వెళ్ళకండి.

చివరగా, పక్క ఇళ్ళలో సొంతదారులు ఎందరు, ఏటా మారే విద్యార్థులు ఎందరు అన్నది పాత కాపురస్థులను అడిగి తెలుసుకోండి. రాత్రి చప్పుడు గురించి, వాహనాలు నిలిపే చోటు గురించి వారు చెప్పే మాట ఏ ప్రకటనలోనూ దొరకదు.