ట్రయల్స్ బండికి టైరు, స్పార్క్ ప్లగ్గు: వైజాగ్ రాళ్ల మీద తిప్పేవాళ్లు ఏం చూస్కోవాలి

ట్రయల్స్ అనే బైకు పోటీలో స్పీడుతో పనిలేదు. రాళ్ల మీద, దుంగల మీద మనిషి నడకంత నెమ్మదిగా కాలు కింద పెట్టకుండా బండి దాటించాలి, కాలు ఒకసారి ఆనిస్తే ఒక పాయింటు, రెండుసార్లయితే రెండు, మూడూ ఆపైన అయితే మూడు, పడిపోతే ఐదు, అన్నీ కలిపి ఎవరికి తక్కువుంటే వాళ్లది గెలుపు. అంత నెమ్మదిగా తిరిగే బండికి టైరు, ప్లగ్గు రెండిటి లెక్కా రోడ్డు బండి లెక్కకి పూర్తిగా వేరే. చాలామంది ఇక్కడే తప్పుతున్నారు, టైరులో రోడ్డు గాలి కొట్టేసి, ప్లగ్గు మాత్రం సర్వీసింగ్‌లోనే చూద్దాంలే అని వదిలేస్తున్నారు.

మొదట టైరు సంగతి. బయట చూడ్డానికి బటన్ టైరు గట్టిగా, రాక్షసంగా ఉంటుంది కాబట్టి రాళ్లకి అదే మంచిదనిపిస్తుంది, కానీ కాదు. బటన్ టైరు గుబ్బలు దూరం దూరంగా, ఎత్తుగా ఉంటాయి, మెత్తటి మట్టిలో దిగబడి లాగడానికి అవి భలే పనికొస్తాయి, అదే బండరాయి మీద అయితే నాలుగు గుబ్బలే ఆని అవి కూడా వంగిపోయి జారతాయి. ట్రయల్స్ టైరు గుబ్బలు పొట్టిగా, చదరంగా, దగ్గర దగ్గరగా ఉంటాయి, రబ్బరు మెత్తన, పక్కగోడలు బాగా వంగుతాయి, అందుకే రాయి ఆకారం ఎలా ఉంటే టైరు అలా ఒదిగి పట్టుకుంటుంది. పోటీ బళ్లకి సైజు దాదాపు అన్నిచోట్లా ఒకటే, ముందు 2.75-21, వెనక 4.00-18. ముందుది ట్యూబుతో, వెనకది చాలా బళ్లలో ట్యూబ్‌లెస్. మిషెలిన్ ఎక్స్11, డన్‌లప్ డీ803, ఐఆర్‌సీ టీఆర్-011, పిరెల్లీ ఎంటీ43 అనే పేర్లు ఎక్కువ వినిపిస్తాయి. వీటిలో ఎంటీ43 కాస్త గట్టి టైరు, రోడ్డు మీద కూడా కొంచెం తిప్పాల్సినవాళ్లకి అది నయం, పూర్తిగా రాళ్లే అయితే మిగతావాటి పట్టు ఎక్కువ.

ఇక గాలి. 70 కేజీల పైచిలుకు ఉండే అసలు ట్రయల్స్ బండికి వెనక 4 నుంచి 5 పీఎస్ఐ, ముందు 6 దగ్గర. అవును, అంతే. కానీ మన దగ్గర చాలామంది తిప్పేది హీరో ఎక్స్‌పల్స్ 200 లాంటి బండి, దాని బరువు 150 కేజీలు దాటుతుంది, వెనక్కూడా ట్యూబే, దానికి గనక 5 పీఎస్ఐ పెట్టారంటే మొదటి రాయికే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి రెండు చోట్ల చిల్లు పడుతుంది, లేదంటే టైరు రిమ్ము మీద జారి వాల్వు పీకేస్తుంది. ఆ బళ్లకి రిమ్ లాక్, అంటే టైరుని రిమ్ము మీద జారకుండా పట్టి ఉంచే బిగింపు, వేయించుకుని 12 దగ్గర మొదలుపెట్టి చూస్కుంటూ కొద్దికొద్దిగా దింపండి, రిమ్ లాక్ లేకపోతే 15 కిందకి వెళ్లొద్దు. దానికి 4.00-18 ట్రయల్స్ టైరు వేద్దామనుకునేవాళ్లు ఒకటి చూస్కోవాలి, కంపెనీ వెనక టైరు 120/80-18, ఇది దానికంటే ఎత్తు, స్వింగ్ ఆర్మ్ దగ్గర, మడ్‌గార్డ్ కింద సందు ఎంతుందో కొలిచాకే కొనండి.

పెట్రోల్ బంకు గేజీతో ఇంత తక్కువ గాలి కొలవకండి, అది 30 దగ్గర కొలవడానికి పెట్టింది, 5 దగ్గర దాని మాట నమ్మలేం. 0 నుంచి 15 వరకే ఉండే చిన్న లో ప్రెషర్ గేజ్ ఒకటి, చేతి పంపు ఒకటి బ్యాగులో ఉండాలి. గాలి ఇంటి దగ్గర కాదు, రాళ్ల దగ్గరికి వెళ్లాక నీడలో సెట్ చేస్కోండి. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు 5 పెట్టిన టైరు మన మే నెల ఎండలో కాలిన రాయి మీద తిరిగాక ఒక పీఎస్ఐ వరకు పెరుగుతుంది, రోడ్డు టైరుకి అది లెక్కలోకి రాదు గానీ 5లో 1 అంటే ఐదో వంతు, అప్పటిదాకా పట్టుకున్న రాయి మీదే జారడం మొదలవుతుంది. మధ్యాహ్నం బ్రేక్‌లో మళ్లీ గేజ్ పెట్టి చూడండి.

కొనేటప్పుడు టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ చదవండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైంది అని. మెత్తటి రబ్బరు షెల్ఫ్ మీద ఉన్నా గట్టిపడిపోతుంది, కాబట్టి మూడు నాలుగేళ్ల పాతది డిస్కౌంట్‌లో ఇచ్చినా తీస్కోవద్దు. ఇంటి దగ్గర కూడా బండిని డాబా మీద ఎండలో వదిలేయకండి. ఇంకో మాట, ఈ టైరులో గుబ్బ ఎత్తు కంటే గుబ్బ అంచు ముఖ్యం. వెనక టైరు తోసే వైపు అంచులు గుండ్రంగా అరిగిపోతే ఎత్తు ఎంత మిగిలున్నా పట్టు పోయినట్టే, అప్పుడు టైరు తీసి తిప్పి వేస్కోండి, అవతలి వైపు అంచు ఇంకా వాడిగానే ఉంటుంది కాబట్టి సగం జీవితం మళ్లీ వస్తుంది.

ఆ గాలితో రోడ్డు ఎక్కొద్దు, టైరు వేడెక్కి పాడైపోతుంది, బండి కూడా ఊగుతుంది. అసలు పోటీ బళ్లకి రిజిస్ట్రేషనే ఉండదు, వాటిని టాటా ఏస్‌లో వేస్కుని వెళ్లడమే దారి. వెళ్లేది కూడా ఓనర్ ఒప్పుకున్న స్థలంలోకే, ఆనందపురం, పద్మనాభం వైపు తెలిసినవాళ్ల రాతి భూములుంటే అడిగి వెళ్లండి. ఎర్ర మట్టి దిబ్బల మీదకి మాత్రం దయచేసి బండి ఎక్కించకండి, అది రక్షిత జియో హెరిటేజ్ సైటు, ఒక్క టైరు గాడి పడితే వానకి అదే కాలవై దిబ్బనే కోసేస్తుంది. కంబాలకొండ అభయారణ్యం, తొట్లకొండ, బావికొండ బౌద్ధ స్థలాలు కూడా అంతే. బీచ్ ఇసకలో శీతాకాలం నుంచి ఎండాకాలం మొదటివరకు తాబేళ్లు గుడ్లు పెడతాయి, అక్కడ కూడా వద్దు.

ఇప్పుడు ప్లగ్గు. నాకు దీని మీదే ఎక్కువ చెప్పాలనుంది, ఎందుకంటే ఫోర్ స్ట్రోక్‌కి ప్లగ్గు సమస్య రాదు, అది టూ స్ట్రోక్ గోల అనే మాట ఎప్పుడూ వింటూనే ఉన్నాం. ఫోర్ స్ట్రోక్‌లో పెట్రోలుతో కలిపి ఆయిలు కాలదు కాబట్టి మసి తక్కువ వస్తుందన్నది నిజమే, కానీ ప్లగ్గు మొన తన మీద పట్టిన కార్బన్ తనే కాల్చుకోవాలంటే సుమారు 450 డిగ్రీల వేడి కావాలి. ట్రయల్స్‌లో ఐడ్లింగ్, హాఫ్ క్లచ్, ఒక్కసారి త్రాటిల్, మళ్లీ ఐడ్లింగ్, ఇలా గంటలు గంటలు గడుస్తుంది, ఆ వేడి రాదు, నల్ల మసి పేరుకుంటుంది, సరిగ్గా రాయి ఎక్కే క్షణంలో త్రాటిల్ ఇస్తే బండి మిస్సింగ్ కొడుతుంది. అందుకే రెండు సెక్షన్ల (దాటాల్సిన రాళ్ల భాగాల) మధ్య ఖాళీ జాగా దొరికితే కాసేపు ఇంజన్ మీద లోడు పడేలా తిప్పండి. ఊరికే నిలబెట్టి రేజ్ చేస్తే లాభం లేదు, లోడు పడితేనే మొన వేడెక్కుతుంది.

ప్లగ్గు తీసే ముందు ఇంజన్ చల్లారాలి, హెడ్డు అల్యూమినియం, వేడి మీద తిప్పితే త్రెడ్డు లేచిపోతుంది. రెండోది ఇంకా ముఖ్యం, ప్లగ్గు గుంతలో మన ఎర్రమట్టి, ఇసక, చిన్న రాళ్లు కూర్చుని ఉంటాయి, గాలి కొట్టి ఊదేశాకే పానా పెట్టండి, లేదంటే ప్లగ్గు రాగానే అదంతా సిలిండర్‌లోకి పోతుంది. క్యాప్‌ని పట్టుకుని లాగాలి, వైరుని కాదు.

బయటికి వచ్చాక మొన చూడండి. లేత గోధుమ రంగు, బూడిద రంగు అయితే బాగుంది. పొడి మసి అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది లేదా ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయింది, దుమ్ములో తిరిగితే ఫిల్టరే ముందు చూడండి. తడిగా పెట్రోలు వాసన వస్తే బండి పడిపోయినప్పుడు ఇంజన్‌లోకి పెట్రోలు ఎక్కువ పోయి ఫ్లడ్ అయ్యింది, కార్బొరేటర్ బండి అయితే కిల్ స్విచ్ ఆపి, త్రాటిల్ పూర్తిగా తెరిచి నాలుగు కిక్కులు కొడితే క్లియర్ అవుతుంది. తడిగా జిడ్డుగా నల్లగా ఉంటే అది ఇంజన్ ఆయిలు, వాల్వ్ సీల్సో రింగులో పోతున్నాయి, ప్లగ్గు మార్చినంత మాత్రాన తగ్గదు. తెల్లగా, బుడగలు వచ్చినట్టు ఉంటే వేడెక్కుతోంది, అది మసి కంటే ప్రమాదం, కారణం తెలిసేదాకా తిప్పొద్దు.

మామూలు ప్లగ్గు మసిని మెత్తటి ఇత్తడి బ్రష్‌తో తుడిచి, ప్లగ్ క్లీనర్ కొట్టి ఆరబెట్టండి, ఎమ్రీ పేపరు వాడితే గరుకు పొడి లోపల ఉండిపోతుంది. ఇరిడియం అయితే బ్రష్ అస్సలు పెట్టొద్దు, దాని మొన చాలా సన్నం, విరుగుతుంది. మొనకీ పైన ఉన్న కొక్కేనికీ మధ్య గ్యాప్ ఫీలర్ గేజ్‌తో చూడండి, ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గు నంబరు చివర 9 ఉంటే 0.9 మిల్లీమీటర్లు, మిగతాది మీ బండి మాన్యువల్ ప్రకారం, వంచాల్సింది ఆ కొక్కెం మాత్రమే. ఎన్‌జీకేలో హీట్ నంబరు పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లది, అంటే మొన వేడిని త్వరగా వదిలేస్తుంది, బాష్‌లో దీనికి తిరగబడి ఉంటుంది, కాబట్టి షాపులో వేరే కంపెనీది ఇస్తే ఆ అంకె పోల్చి తీస్కోకండి. ఎప్పుడూ నెమ్మదిగానే తిప్పే బండికి మసి వదలకపోతే ఒక్క మెట్టు వేడి ప్లగ్గు పెట్టి చూడొచ్చు, రెండు మెట్లు వద్దు, అదే బండితో అరకు ఘాట్ ఎక్కాలనుకుంటే ముందు కంపెనీ నంబరు ప్లగ్గే తిరిగి పెట్టేయండి.

బిగించేటప్పుడు మొదట చేత్తోనే తిప్పాలి, చివరిదాకా ఏ అడ్డూ లేకుండా వెళ్లాలి, తర్వాత పానాతో కొత్త ప్లగ్గుకి అర తిప్పు, పాతదానికి అందులో పావు వంతు చాలు. టార్క్ రెంచ్ ఉంటే 10 ఎంఎం ప్లగ్గుకి 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు. త్రెడ్డుకి గ్రీజు రాయకండి, తెలియకుండానే ఎక్కువ బిగిసిపోతుంది.

సముద్రం పక్కన ఉన్నాం కాబట్టి క్యాప్ లోపల కూడా చూడాలి. ఉప్పు గాలికి ఆ కనెక్షన్ పచ్చగా పట్టేస్తుంది, ప్లగ్గు కొత్తదైనా స్పార్క్ బలహీనంగా ఉంటుంది, ఆ పచ్చదనం గీకేసి రబ్బరు బూట్ లోపల కొంచెం డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) పూయండి. మోంటెసా కోటా 4ఆర్‌టీ లాంటి పోటీ ట్రయల్స్ బళ్లకి బ్యాటరీ కూడా ఉండదు, కిక్కు కొట్టిన కరెంటుతోనే ఇంజెక్షన్, స్పార్క్ రెండూ నడవాలి, అలాంటి బళ్లకి ఇది ఇంకా అవసరం. అన్నీ చేశాక కూడా రెండు రైడ్లలోనే మళ్లీ మసి పడితే ఇక ప్లగ్గులు మార్చుకుంటూ కూర్చోకుండా వాల్వ్ క్లియరెన్స్ చెక్ చేయించండి.