మూడు పట్టాల జంక్షన్ వేసేటప్పుడు 338 గుర్తుంచుకోండి

ట్రైన్ సిమ్యులేటర్ గేమ్‌లో బ్రాడ్ గేజ్, మీటర్ గేజ్ లైన్లు (గేజ్ అంటే రెండు పట్టాల మధ్య దూరం) కలిపి వేసేవాళ్లకి ఒక మాట. రెండు లైన్లనీ మధ్య గీత మీద మధ్య గీత పెట్టి వేయకండి, నాలుగు పట్టాలొచ్చి చూడ్డానికి నిచ్చెనలా ఉంటుంది. బ్రాడ్ గేజ్ 1676 మి.మీ., మీటర్ గేజ్ 1000, వాటి సగాల (838, 500) తేడా 338. మీటర్ గేజ్ లైన్‌ని అంతే పక్కకి జరిపితే రెండు లైన్లకీ ఒక వైపు పట్టాలు సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి, అదే ఉమ్మడి పట్టా.

నేను భీమవరం దగ్గర నుంచి నరసాపురం వైపు మీటర్ గేజ్ చీలినట్టు ఊహించుకుని ఒక రూటు కడుతున్నాను (వరిచేలు, కాలవలు పెట్టడానికే సగం టైమ్ పోయింది లెండి). మొదట ఉమ్మడి పట్టా మీటర్ గేజ్ చీలే వైపు కాకుండా అవతలి వైపు పెట్టేశాను, చీలే లైను పట్టాలు రెండూ బ్రాడ్ గేజ్ పట్టాని దాటాల్సొచ్చి క్రాసింగులు (పట్టాని పట్టా దాటే చోట్లు) రెండయ్యాయి. మీటర్ గేజ్ ఎటు చీలుతుందో ఉమ్మడి పట్టా అటే ఉంటే ఒక్క క్రాసింగ్‌తో అయిపోతుంది. ప్లాట్‌ఫాం ఉంటే మాత్రం ఉమ్మడి పట్టా దాని వైపు ఉండాలి, లేదంటే మీటర్ గేజ్ పెట్టె ఎక్కడానికి గెంతాల్సిందే.