మెయిన్ బేరింగులు బిగించే ముందు జాగ్రత్తలు

ఇంజిన్ విప్పి క్రాంక్‌షాఫ్ట్ బయటికి తీశారా? దాన్ని బ్లాకులో మోసే కొత్త మెయిన్ బేరింగులు కొనేముందు, బిగించేముందు ఇవి చూసుకోండి.

– ఒక్కో బేరింగు రెండు అర్ధవృత్తపు ముక్కలు, వాటినే షెల్ అంటారు. ఆయిల్ రంధ్రం ఉన్న షెల్ బ్లాకు వైపే కూర్చోవాలి. రంధ్రం లేనిది అక్కడ పెడితే జర్నల్‌కు (షాఫ్ట్‌పై బేరింగులో తిరిగే గుండ్రటి భాగానికి) ఆయిల్ అందదు, స్టార్ట్ చేసిన కాసేపటికే షాఫ్ట్ పట్టేస్తుంది. షెల్ పెట్టాక సన్నని తీగ దూర్చి చూడండి, అడ్డు తగలకూడదు.

– పాత షెల్ వెనుక అంకె చదవండి. 0.25 లేదా 0.50 (మి.మీ.) అని ఉంటే షాఫ్ట్‌కు ఇదివరకే గ్రైండింగ్ అయినట్టు, అంటే జర్నల్‌ను అంతమేర సానపట్టి సన్నం చేసినట్టు. అయినా ఆ అంకెను నమ్మి కొనేయకండి. జర్నల్‌ను మైక్రోమీటర్‌తో అడ్డంగా, నిలువుగా కొలవండి. గుండ్రం తప్పిన జర్నల్‌కు ఏ సైజు బేరింగూ సరిపోదు, మళ్ళీ గ్రైండింగే గతి.

– క్యాప్‌లు (షాఫ్ట్‌ను బ్లాకుకు పట్టి ఉంచే బోల్టు మూతలు) ఎక్కడివక్కడే, అదే దిశలో. బ్లాకుతో కలిపి బోర్ (బేరింగు కూర్చునే గుండ్రటి రంధ్రం) తొలిచినవి, తారుమారైతే షాఫ్ట్ బిగుసుకుంటుంది.

– ప్లాస్టిగేజ్‌తో (క్యాప్ బిగిస్తే నలిగే సన్నని ప్లాస్టిక్ పోగుతో) క్లియరెన్స్, అంటే జర్నల్‌కూ బేరింగుకూ మధ్య సందు చూసేటప్పుడు జర్నల్ పొడిగా ఉండాలి, షాఫ్ట్ తిప్పకూడదు. నలిగిన పట్టీ ఒక చివర వెడల్పుగా, మరో చివర సన్నగా కనిపిస్తే జర్నల్ ఏటవాలుగా అరిగిందన్నమాట. ఎంత ఉండాలన్నది ఆ ఇంజిన్ మాన్యువల్ చెప్పాలి, పక్కవారి అనుభవం కాదు.

– క్లియరెన్స్ ఎక్కువైందని క్యాప్‌ను ఆకురాయితో అరగదీయకండి. ఆ అతితెలివికి బోర్ గుండ్రం పోతుంది.

– షెల్ వెనుక ఆయిల్ పూయకండి, వేడి బ్లాకులోకి సరిగా దిగదు.