సమస్య - పరిష్కారం: కొత్త సర్వర్‌లో ఫొటోలు ఎక్కకపోతే ఫైళ్ల యజమాని ఎవరో చూడండి

సమస్య

గద్వాలలో చీరలమ్మే ఒక దుకాణం వర్డ్‌ప్రెస్ సైట్‌ను కొత్త ఉబుంటు (ఒక రకం లినక్స్) సర్వర్‌కు మార్చారనుకుందాం. పాత పేజీలన్నీ తెరుచుకుంటాయి; కొత్త చీర ఫొటో ఎక్కించబోతే మాత్రం ఫోల్డర్‌ను సృష్టించలేకపోయామన్న సందేశం వస్తుంది, ప్లగిన్‌ను (సైట్‌కు జోడించే చిన్న ప్రోగ్రామ్‌ను) అప్‌డేట్ చేయబోతే సైట్ ఎఫ్‌టీపీ (ఫైళ్లను సర్వర్‌కు పంపే పద్ధతి) పాస్‌వర్డ్ అడుగుతుంది. డిస్క్ నిండలేదని చూసుకున్నాక కూడా, చదవడం సాగుతూ రాయడం ఒక్కటే ఆగిందంటే, మొదట అనుమానించవలసింది ఫైళ్ల యాజమాన్యాన్నే.

కారణం

బ్యాకప్ టార్ ఫైలును (ఫైళ్లన్నీ ఒకటిగా కట్టిన మూటను) రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా, విప్పినప్పుడు, పాత యజమాని పేరు కొత్త సర్వర్‌లో లేకపోతే, అతని యూజర్ నంబరే ఫైళ్ల మీద మిగిలిపోతుంది. ఫైళ్ల వివరాలు చూపే ఎల్‌ఎస్ హైఫన్ ఎల్ (ls -l) కమాండ్ కొట్టి చూస్తే పేరుండవలసిన చోట అంకె కనిపించేది అందుకే. ఉబుంటులో వర్డ్‌ప్రెస్‌ను నడిపే పీహెచ్‌పీ సాధారణంగా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా (www-data) అనే యూజర్‌గా నడుస్తుంది కనుక ఆ ఫైళ్లను చదవగలదే గాని మార్చలేదు. అయినా ఊహించుకోకుండా, నడుస్తున్న ప్రోగ్రాములను చూపే పీఎస్ (ps) కమాండ్‌తో పీహెచ్‌పీ ప్రాసెస్ ఎవరి పేరున నడుస్తోందో చూసి నిర్ధారించుకోవాలి.

బతుకమ్మ, దసరా ముందు కొత్త రకాలు చూపించాలన్న తొందరలో అన్ని ఫైళ్లకూ 777 అనుమతి (అందరికీ చదివే, రాసే, నడిపే హక్కు) ఇచ్చేవారున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అది ఆ సర్వర్‌లోని ప్రతి యూజర్‌కూ రాసే హక్కు ఇస్తుంది. పైగా ఎఫ్‌టీపీ ప్రశ్న అలాగే ఉంటుంది, ఎందుకంటే వర్డ్‌ప్రెస్ తాను సృష్టించిన తాత్కాలిక ఫైలు యజమాని, తన కోడ్ ఫైళ్ల యజమాని ఒకరేనా అని పోల్చి చూస్తుంది.

పరిష్కారం

యజమానిని మార్చే చోన్ (chown) కమాండ్‌కు హైఫన్, క్యాపిటల్ ఆర్ (-R) జోడించి, యూజర్ పేరు, కోలన్, గ్రూప్ పేరు, ఆపైన ఫోల్డర్ పూర్తి దారి ఇస్తే లోపలి ఫైళ్లు, ఫోల్డర్లన్నీ ఆ యజమానికి చేరతాయి. నా అభిప్రాయంలో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటాకు ఫొటోలు చేరే అప్‌లోడ్స్ ఫోల్డర్ ఒక్కటి ఇస్తే చాలు. కోడ్‌ను మీ సొంత లాగిన్ యూజర్ పేరున ఉంచి, అప్‌డేట్లను ఆ యూజర్‌గానే కమాండ్ లైన్ నుంచి చేసుకుంటే, రేపు ఏ ప్లగిన్‌లోనైనా లోపం బయటపడినా దాని ద్వారా కోడ్‌ను తిరగరాయడం కష్టమవుతుంది. ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 అనుమతులు (రాయడం యజమానికే, చదవడం అందరికీ) సరిపోతాయి.

ఎంటర్ నొక్కే ముందు దారిని మరోసారి చదవండి. మొదటి స్లాష్ తర్వాత పొరపాటున ఖాళీ పడితే కమాండ్ సర్వర్ మొత్తం మీద నడుస్తుంది. చోన్ దానంతటదిగా రూట్ డైరెక్టరీని (అన్ని ఫోల్డర్లకూ మూలమైన దానిని) కాపాడదు, ప్రిజర్వ్-రూట్ (--preserve-root) ఆప్షన్ మనమే ఇవ్వాలి. అలా సర్వర్ మొత్తం మీద నడిస్తే, రూట్ అధికారంతో కమాండ్లు నడిపించే సుడో సైతం తన సెట్‌యూఐడీ గుర్తు (ప్రోగ్రామ్‌ను దాని యజమాని అధికారంతో నడిపించేది) కోల్పోయి పనిచేయదు. అన్నింటినీ తిరిగి రూట్ పేరుకు మార్చినా ఆ గుర్తులు రావు గనుక బ్యాకప్ నుంచి పునరుద్ధరించడమే మేలు.

మీది ఉబుంటు కాక ఆల్మాలినక్స్ వంటిదై, యజమాని సరిగా ఉన్నా రాయడం కుదరకపోతే, ఎస్‌ఈలినక్స్ (ఫైళ్లకు వేసిన లేబుళ్లను బట్టి ప్రోగ్రాములను అదుపు చేసే భద్రతా వ్యవస్థ) అడ్డుపడుతుండవచ్చు. దానిని ఆపివేయకుండా, అప్‌లోడ్స్ ఫోల్డర్‌కు వెబ్ సర్వర్ రాయదగిన లేబుల్‌ను నిర్ణయించి, దానిని ఫైళ్లకు వర్తింపజేసే రిస్టోర్‌కాన్ (restorecon) కమాండ్ నడపాలి.